2,611 రోజులుగా ఆగని సర్వర్‌ని ఆదివారం ఆపాలట. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_అడ్మిన్ | సోమవారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. ఈ ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. మా సర్వర్ గదిలో కింది అరలో ఒక పాత పెట్టె ఉంది. ఇవాళ అందులో అప్‌టైమ్ కొడితే 2,611 రోజులు చూపించింది. ఏడేళ్ళ పైమాటే. లైనక్స్, దాని గుండెకాయ లాంటి కెర్నల్ 2.6.32. రెండు హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1, అంటే ఒకదానికి ఇంకోటి నకలు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంది, గోదాముకి లేబుళ్ళు ముద్రించే ప్రోగ్రాం ఉంది. ఇంకా ఏమేమున్నాయో నాకు తెలీదు. దీన్ని పెట్టినాయన మానేసి నాలుగేళ్ళు. రాసిపెట్టిన కాగితం ముక్క లేదు.

ఆదివారం యూపీఎస్ మారుస్తున్నారు, నాలుగు గంటలు కరెంటు ఉండదు. మేనేజరుగారు "ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడమే కదా" అన్నారు. నాకు మాత్రం దాని పవర్ బటన్ వైపు చూడాలంటేనే భయంగా ఉంది. సలహా చెప్పండి.

నిద్రలేనోడు | సోమవారం, ఉదయం 11:26

సెలవు పెట్టెయ్ తమ్ముడూ.

రూట్‌రాజు | సోమవారం, ఉదయం 11:41

ఏడేళ్ళు రీబూట్ చెయ్యలేదంటే ఏడేళ్ళ సెక్యూరిటీ ప్యాచ్‌లు పడలేదని అర్థం. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే లైనక్స్ లోపం బయటపడ్డప్పుడు మామూలు యూజర్ ఎవడైనా రూట్, అంటే సర్వాధికారి, అయిపోయేవాడు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటికొచ్చినప్పుడు ప్రపంచమంతా సర్వర్లు ఆపి లేపింది. మీది మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది. అప్‌టైమ్ అంకె చూసి మురిసిపోయే కాలం కాదిది.

కొత్త_అడ్మిన్ | సోమవారం, ఉదయం 11:55

మురిసిపోవట్లేదండీ. చెమటలు పడుతున్నాయి.

సీరియల్‌కేబుల్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

రాజూ, ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, వాడు చేరి ఐదు నెలలే.

బాబూ, మీ మేనేజరుకి ఒక మాట అర్థమయ్యేట్టు చెప్పు. ఏడేళ్ళ కిందట బూటయిన సర్వర్ వేరు, ఇవాళ నడుస్తున్న సర్వర్ వేరు. ఈ మధ్యలో ఎవరెవరో అర్ధరాత్రి పూట వచ్చి ఒక నెట్‌వర్క్ రూటు కలిపి ఉంటారు, ఇంకో ఐపీ తగిలించి ఉంటారు, ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు తెరిచి ఉంటారు. "రేపు ఫైల్లో రాద్దాంలే" అనుకుని ఇంటికి పోయి ఉంటారు. అవన్నీ మెమరీలోనే ఉన్నాయి. నువ్వు ఆపిన మరుక్షణం ఆవిరి. తిరిగి లేచేది డిస్కు మీద రాసి ఉన్న సర్వర్. దాని మొహం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అందుకని ఆదివారం దాకా ఆగొద్దు. శుక్రవారం రాత్రి పవర్ తియ్యకుండా మామూలు రీబూట్ ఒకటి చెయ్యి. అప్పుడు డిస్కులు తిరుగుతూనే ఉంటాయి, కరెంటు పోదు. ఏం చెడినా అది సాఫ్ట్‌వేర్ తాలూకే. సరిచేసుకోడానికి శనివారమంతా ఉంది. ఆదివారం పవర్ తీసి పెట్టినప్పుడు చెడితే అది హార్డ్‌వేర్. రెండు గండాలూ ఒకేరోజు నెత్తిన పెట్టుకుంటే ఏది ఎందుకు లేవలేదో తేల్చుకోడానికే పొద్దుపోతుంది.

ఈలోగా, నడుస్తున్న సర్వర్‌ని ఫొటో తీసినట్టు రాసిపెట్టుకో. పీఎస్, నెట్‌స్టాట్, ఐపీ అడ్రస్, ఐపీ రూట్, మౌంట్, ఐపీటేబుల్స్-సేవ్, ఎల్‌ఎస్‌మాడ్, ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్, ఎండీస్టాట్. ఇప్పుడు ఏమేం నడుస్తున్నాయో చెప్పే ఈ కమాండ్ల అవుట్‌పుట్ అంతా ఫైళ్ళలోకి తీసి వేరే మెషీన్లో పెట్టు. అదే సర్వర్లో దాచి రీబూట్ చేసిన మహానుభావుల్ని చూశాను.

ఆ తర్వాత ఒక్కొక్కటీ డిస్కు మీది ఫైలుతో పోల్చి చూడు. తేడా కనపడ్డ ప్రతిచోటా ఒక కథ ఉంటుంది.

బ్యాకప్_భక్తుడు | సోమవారం, మధ్యాహ్నం 1:22

అంతకంటే ముందు బ్యాకప్. ఉందా లేదా అని అడగట్లేదు. రిస్టోర్ చేసి చూశారా అని అడుగుతున్నా.

లెక్కలమాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:35

2.6.32 అన్నారు కాబట్టి ఒక ముచ్చట. ఆ తరం కెర్నళ్ళలో కొన్నిటికి 208.5 రోజుల గండం ఉండేది. టైమ్ లెక్కేసే చోట నానోసెకన్ల సంఖ్య 2కి 54వ ఘాతం దాటగానే పొంగిపోయి సర్వర్ కుప్పకూలేది. మీది దాన్ని పన్నెండుసార్ల లెక్కన దాటేసింది, అంటే ఆ లోపం లేని బిల్డ్ అయ్యుండాలి.

ఇలాంటివి చాలా ఉన్నాయి. విండోస్ 95, 98 లలో మిల్లీసెకన్లని 32 బిట్లలో లెక్కపెట్టేవాళ్ళు, 49.7 రోజులకి నిండేది. పాత లైనక్స్ సెకనుకి వందసార్లు లెక్కపెట్టేది, 497 రోజులకి అప్‌టైమ్ మళ్ళీ సున్నాకొచ్చేది. బోయింగ్ 787 విమానాల్లో జనరేటర్ కంట్రోల్ యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే కరెంటు పోయే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశమిచ్చింది. మందు? ఈలోగా ఒకసారి ఆపి ఆన్ చెయ్యడమే.

అన్నిటికంటే బాధాకరమైనది పేట్రియట్ క్షిపణి వ్యవస్థది. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో. సెకనులో పదోవంతుని బైనరీలో కచ్చితంగా రాయలేం. ఆ చిన్న తేడా వంద గంటల నడకలో పోగుపడి 0.34 సెకను అయింది. ఆ పాటి సమయంలో ఎదురొచ్చే స్కడ్ క్షిపణి అర కిలోమీటరు పైగా వెళ్ళిపోతుంది. రాడార్ తప్పు చోట వెతికింది, 28 మంది సైనికులు చనిపోయారు. "మరీ ఎక్కువసేపు నడపొద్దు" అని ముందే హెచ్చరిక వెళ్ళింది గానీ, ఎక్కువసేపంటే ఎన్ని గంటలో అందులో రాయలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది.

నిద్రలేనోడు | సోమవారం, మధ్యాహ్నం 2:41

మాస్టారూ, కుర్రాడికి ధైర్యం చెప్పమంటే ఇదా చెప్పేది!

పాతడిస్కు | సోమవారం, సాయంత్రం 6:15

హార్డ్‌వేర్ సంగతి నేను చెప్తా.

ఏళ్ళ తరబడి తిరుగుతున్న డిస్కు తిరుగుతూనే ఉంటుంది. బేరింగ్ వేడిగా ఉంటుంది, నూనె పల్చగా ఉంటుంది. ఆపి నాలుగు గంటలు చల్లారనిస్తే అదే డిస్కు ఒక్కోసారి కదలదు. లేవడానికి కావలసిన బలం తిరగడానికి కావలసినదానికంటే ఎక్కువ. పవర్ సప్లైలో కెపాసిటర్లదీ అదే కథ. ఎండిపోయిన కెపాసిటర్ నడిచినంతకాలం నెట్టుకొస్తుంది, అన్నీ ఒకేసారి కరెంటు లాగే ఆ మొదటి క్షణంలో చేతులెత్తేస్తుంది. నెట్‌వేర్ 3.12 అనే పాతకాలపు సిస్టం నడిపే సర్వర్ ఒకటి 16 ఏళ్ళకు పైగా ఆగకుండా నడిచిందని 2013లో వార్త వచ్చింది. దాన్ని చివరికి ఆపింది కూడా డిస్కు బేరింగ్ మోత భరించలేకే.

కాబట్టి అదే సైజు డిస్కులు రెండు, వీలైతే ఒక పవర్ సప్లై, తప్పకుండా ఒక సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ దగ్గర పెట్టుకోండి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ ఏడేళ్ళకి చచ్చే ఉంటుంది. మెయిన్స్ ఉన్నంతకాలం తెలీదు. పవర్ తీసిన రోజు బయోస్ (లైనక్స్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి అయిపోతాయి, తేదీ ఎక్కడికో పోతుంది.

శుక్రవారం రీబూట్ చేసినప్పుడు బయోస్‌లోకి వెళ్ళి ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏదీ మార్చొద్దు.

డీబీ_అక్క | సోమవారం, రాత్రి 9:05

మైఎస్‌క్యూఎల్‌లో నడుస్తున్న వేరియబుల్స్ అన్నీ తీసి దాని సెట్టింగుల ఫైలు మై.సీఎన్‌ఎఫ్‌తో పోల్చు తమ్ముడూ. సెట్ గ్లోబల్ అని కొట్టి వదిలేసినవి ఫైల్లో ఉండవు. ముఖ్యంగా మాక్స్ కనెక్షన్స్, అంటే ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఒప్పుకుంటుందో, చూడు.

ఇంకోటి, ఆపే ముందు డర్టీ పేజీల శాతాన్ని సున్నాకి పెట్టి కాసేపు ఆగు. మెమరీలో మారిన పేజీలన్నీ డిస్కుకి రాసుకుంటుంది, ఆపడానికి అరగంట పట్టదు. లేచాక మొదటి గంట నెమ్మదిగా ఉంటుంది, బఫర్ ఖాళీ కదా. కంగారుపడి మళ్ళీ రీస్టార్ట్ చెయ్యకు.

కొత్త_అడ్మిన్ | బుధవారం, రాత్రి 10:48

రెండు రోజులుగా తవ్వుతున్నాను. దొరికినవి ఇవి.

మాక్స్ కనెక్షన్స్ ఇప్పుడు 800. ఫైల్లో ఆ లైనే లేదు, అంటే లేచేసరికి 151. డీబీ అక్కకి దండం.

ఫైర్‌వాల్‌లో పదకొండు రూల్స్ మెమరీలోనే ఉన్నాయి. ఒక ఐపీ అడ్రస్ చేత్తో కలిపింది, గోదాములో ప్రింటర్లన్నీ దానికే మాట్లాడుతున్నాయి. నెట్‌వర్క్ ఫైల్లో దాని ఊసే లేదు.

ఇక అసలు కథ. లేబుళ్ళ ప్రోగ్రాం ఏ సర్వీసుగానూ లేదు. పాతాయన తన హోమ్‌లో "టెస్ట్" అనే డైరెక్టరీ నుంచి నోహప్‌తో (లాగౌట్ అయినా ఆగకుండా నడిపే కమాండు) లేపి వదిలేశారు. ఆ డైరెక్టరీకి వెళ్తే ప్రోగ్రాం ఫైలు లేదు! నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రాక్‌లో దాని పిడ్ (ప్రాసెస్ నంబరు) కింద, ప్రోగ్రాం ఫైలుకి లింకు అయిన ఈఎక్స్ఈ చూస్తే పక్కన "డిలీటెడ్" అని ఉంది. ఎవరో సర్దుతూ చెరిపేశారు. ప్రోగ్రాం మాత్రం మెమరీలో బతికే ఉంది. కంపెనీ మొత్తం లేబుళ్ళు డిస్కు మీద లేని ఫైలు నుంచి వస్తున్నాయన్నమాట.

సీరియల్‌కేబుల్ | బుధవారం, రాత్రి 10:57

దాన్ని ముట్టుకోకు. ఆ ప్రాసెస్ బతికున్నంతకాలమే ఫైలు కూడా బతికుంటుంది. ప్రాక్‌లో ఆ ఈఎక్స్ఈ లింకు నుంచే సీపీ కొట్టు, చెరిపేసిన ఫైలు మొత్తం వస్తుంది. తర్వాత అదే పిడ్ కింద ఎన్విరాన్ తీసుకో, సీఎండీలైన్, సీడబ్ల్యూడీ తీసుకో, ఎఫ్‌డీలో ఇంకా ఏ ఫైళ్ళు తెరిచి పెట్టుకుందో చూడు. పాతకాలం వాళ్ళు పాస్‌వర్డు ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి ఎక్కడా రాసేవాళ్ళు కాదు.

కొత్త_అడ్మిన్ | బుధవారం, రాత్రి 11:20

వచ్చింది! ఎన్విరాన్‌లో డేటాబేస్ పాస్‌వర్డు కూడా ఉంది. ఇంకే ఫైల్లోనూ లేదు. తెచ్చిన కాపీని వేరే పోర్టు మీద లేపి చూశాను, పనిచేస్తోంది. ఇనిట్ స్క్రిప్టు రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

రూట్‌రాజు | గురువారం, ఉదయం 8:30

మొన్న కాస్త దురుసుగా రాశాను, ఏమనుకోకు బ్రదర్. బాగా పట్టుకున్నావు.

ఇంకో మూడు చూడు. ఆన్ చెయ్యగానే కెర్నల్‌ని లేపే గ్రబ్ కాన్ఫ్‌లో డిఫాల్ట్ ఏ కెర్నల్? ఎప్పుడో అప్‌డేట్లు తెచ్చే యమ్ కొత్త కెర్నల్ దించి ఉంటుంది, దాంతో ఇంతవరకూ ఎవరూ బూట్ చెయ్యలేదు. శుక్రవారం నడుస్తున్న కెర్నల్‌తోనే లేపు, ప్యాచ్‌ల సంగతి తర్వాత. రెండు, రూట్ పాస్‌వర్డ్ తెలుసా? కీతో ఎస్‌ఎస్‌హెచ్ అయ్యి సుడో కొట్టడం కాదు, కన్సోల్ దగ్గర కూర్చుని టైపు చేసి చూడు. మూడు, డిస్కు ఎప్పుడైనా మార్చారా?

కొత్త_అడ్మిన్ | గురువారం, ఉదయం 9:15

రూట్ పాస్‌వర్డ్ తెలీదు, ఇప్పుడే మార్చాను. డిస్కు మార్చారు, పాత లాగ్ ప్రకారం మొదటి డిస్కు ఎస్‌డీఏని మూడేళ్ళ కిందట. రెండోది ఎస్‌డీబీ పాతదే. ఎందుకు?

రూట్‌రాజు | గురువారం, ఉదయం 9:22

రెయిడ్ పార్టిషన్లని సింక్ చేస్తుంది, గ్రబ్ మొదలయ్యే బూట్ సెక్టార్‌ని చెయ్యదు. ఎస్‌డీఏ మొదటి 512 బైట్లు డీడీతో తీసి స్ట్రింగ్స్‌లో చూడు. గ్రబ్ అన్న మాట కనపడాలి.

కొత్త_అడ్మిన్ | గురువారం, ఉదయం 9:31

ఎస్‌డీబీలో కనపడింది. ఎస్‌డీఏలో ఏమీ లేదు. ఖాళీ.

రూట్‌రాజు | గురువారం, ఉదయం 9:33

హహ. నాకు ఇదే ఒకసారి తెల్లవారుజామున మూడింటికి తెలిసింది. నల్ల తెర, ఎడమ పక్క మూల మెరిసే గీత ఒకటి, అంతే. గ్రబ్ షెల్‌లోకి వెళ్ళి డివైస్ లైన్లో హెచ్‌డీ0 అంటే ఎస్‌డీఏ అని చెప్పి, రూట్, సెటప్ కొట్టు. రెండు డిస్కులకీ చెయ్యి.

పాతడిస్కు | గురువారం, ఉదయం 10:02

పనిలో పనిగా ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌తో డేటా పార్టిషన్ చూడండి. చేత్తో ఫార్మాట్ చేసి ఉంటే 180 రోజులకోసారి చెక్ అని పెట్టి ఉంటుంది. బూట్ మధ్యలో ఆ చెక్ (ఎఫ్‌ఎస్‌సీకే) మొదలై కదలకుండా కూర్చుంటే జనం హ్యాంగ్ అయిందనుకుని పవర్ పీకేస్తారు. అంతకంటే పాపం లేదు.

డీబీ_అక్క | గురువారం, ఉదయం 10:10

సిస్‌ఆర్‌క్యూ కూడా ఆన్ చేసి పెట్టుకో, అంతా ఇరుక్కుపోయినా కీబోర్డు నుంచి నేరుగా కెర్నల్‌కి చెప్పొచ్చు. ఆ తరం ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

కొత్త_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10:04

బ్యాకప్ వేరే మెషీన్లో రిస్టోర్ చేసి చూశాను, భక్తుడుగారూ. అన్నీ ఆపాను. కన్సోల్ ముందు కూర్చున్నాను. రీబూట్ కొడుతున్నా.

నిద్రలేనోడు | శుక్రవారం, రాత్రి 10:05

2,615 రోజుల ఆయుష్షు. ఓం శాంతి.

కొత్త_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10:21

ఆగిపోయింది. "ఎన్‌ఎఫ్‌ఎస్ అన్‌మౌంట్ చేస్తున్నా" అన్న లైను దగ్గర పదిహేను నిమిషాలుగా కదలట్లేదు. పింగ్ లేదు. ఏం చెయ్యను???

సీరియల్‌కేబుల్ | శుక్రవారం, రాత్రి 10:23

పవర్ బటన్ ముట్టుకోకు. ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే నెట్‌వర్క్ మీద వేరే సర్వర్ నుంచి తగిలించుకున్న డిస్కు. అది ఏ సర్వర్ నుంచి?

కొత్త_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10:24

జాబితాలో చూశాను... ఆ సర్వర్‌ని ఎప్పుడో తీసేశారట. అయ్యో, మౌంట్ లిస్టులో కళ్ళముందే ఉంది, నేను పట్టించుకోలేదు.

సీరియల్‌కేబుల్ | శుక్రవారం, రాత్రి 10:26

పోయినవాడి జవాబు కోసం కాచుక్కూర్చుంది, అంతే. డేటాబేస్ ముందే ఆపావు కదా, నష్టం లేదు. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ పట్టుకుని ఎస్ నొక్కు, సింక్. కాసేపాగి యూ, అన్నీ రీడ్-ఓన్లీ అవుతాయి. తర్వాత బీ. ఒక్కోదానికీ మధ్య పది సెకన్లు ఆగు. తెర మీద చెప్తుంది.

కొత్త_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10:31

తెర నల్లబడింది. ఫ్యాన్లు గట్టిగా అరుస్తున్నాయి. ఏమీ రావట్లేదు.

పాతడిస్కు | శుక్రవారం, రాత్రి 10:33

సర్వర్ బయోస్ మెమరీ అంతా తడిమి చూసుకుంటుంది. ఐదు నుంచి పది నిమిషాలు. ఊపిరి పీల్చుకోండి.

కొత్త_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10:58

లేచింది!! బయోస్ ఫొటోలు తీసుకున్నాను, 23 పేజీలు. లేబుళ్ళు వస్తున్నాయి, ప్రింటర్లు మాట్లాడుతున్నాయి. బూట్‌లో ఏవి మౌంట్ చెయ్యాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ ఎన్‌ఎఫ్‌ఎస్ లైను తీసేశాను. అప్‌టైమ్ 6 నిమిషాలు.

కొత్త_అడ్మిన్ | ఆదివారం, సాయంత్రం 6:40

ఇవాళ్టి సంగతి.

నాలుగు గంటల తర్వాత పవర్ ఇచ్చాం. మొదటి తెరే "సీమాస్ చెక్‌సమ్ లోపం, ఎఫ్1 నొక్కండి" అని. తేదీ 2000 జనవరి 1. పాతడిస్కుగారు చెప్పినట్టే బ్యాటరీ చచ్చిపోయింది. మళ్ళీ పవర్ తీసి కొత్త బిళ్ళ వేశాను. ఫొటోలు చూసుకుంటూ ఒక్కో సెట్టింగూ పెట్టాను. శాటా మోడ్ మారిపోయి ఉంది, బూట్ వరసలో నెట్‌వర్క్ కార్డు మొదటికొచ్చింది. లైనక్స్ లేవకముందే బయోస్‌లోనే తేదీ సరిచేశాను. లేకపోతే ఫైల్‌సిస్టం "చివరిసారి మౌంట్ చేసింది భవిష్యత్తులో" అని గొడవ చేసేదని సీరియల్‌కేబుల్‌గారు నిన్న మెసేజ్ పెట్టారు.

తర్వాత ఒక డిస్కు లేవలేదు. టిక్ మంటుంది, ఆగుతుంది, మళ్ళీ టిక్. ఏడేళ్ళనాటి ఎస్‌డీబీ. అంటే గ్రబ్ ఉన్న డిస్కు. గురువారం దాకా గ్రబ్ ఉన్న ఏకైక డిస్కు.

మూడేళ్ళనాటి ఎస్‌డీఏ మీద ఒంటికాలితో బూటయింది. కొత్త డిస్కు పెట్టాను, ఇప్పుడు రెయిడ్ దాని మీదికి నకలు రాసుకోవడం 61 శాతం దగ్గరుంది.

రూట్‌రాజు | ఆదివారం, సాయంత్రం 6:52

ఒళ్ళు జలదరించింది బ్రదర్.

లెక్కలమాస్టారు | ఆదివారం, రాత్రి 8:10

కొత్త డిస్కులు రెండూ ఒకే పెట్టెలోవి కాకుండా చూసుకోండి. 2019 నవంబరులో హెచ్‌పీఈ తన ఎస్‌ఎస్‌డీలు కొన్ని సరిగ్గా 32,768 గంటలకి చచ్చిపోతాయని ప్రకటించింది. 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలు. 16 బిట్ల లెక్క నిండిపోవడమే. ఒకేరోజు ఆన్ చేసినవి ఒకే గంటకి పోతాయి, అప్పుడు రెయిడ్ ఉండీ దండగ.

కొత్త_అడ్మిన్ | 24వ తేదీ, ఉదయం 11:15

పది రోజులైంది, అంతా నిమ్మళం. కెర్నల్ ప్యాచ్‌లు వేసి ఇంకోసారి రీబూట్ కూడా చేశాను, ఈసారి గోళ్ళు కొరుక్కోలేదు. కొత్త సర్వర్‌కి మారడానికి మేనేజరుగారు ఒప్పుకున్నారు.

ఒక్కటే మిగిలింది. పాత జాబితాలో, ఒక స్క్రీన్ సెషన్‌లో, 8099 పోర్టు మీద కూర్చున్న పెర్ల్ స్క్రిప్టు ఒకటుంది. కామెంటు ఒక్కటీ లేదు. ఎవరినడిగినా మాది కాదన్నారు. ఏడేళ్ళలో అది వాడిన సీపీయూ సమయం మొత్తం నాలుగు నిమిషాలు. కాపీ దాచాను గానీ మళ్ళీ లేపలేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెత్తే అనుకుంటున్నా.

సీరియల్‌కేబుల్ | 24వ తేదీ, ఉదయం 11:40

చెరిపెయ్యకు. నెలాఖరు దాటనీ.

కొత్త_అడ్మిన్ | 30వ తేదీ, సాయంత్రం 5:52

ఫోన్ వచ్చింది.